యాక్చువల్లీ, ఫాస్ట్‌గానే వచ్చాను

పార్సిల్ తెచ్చిన కుర్రాడు గేటు దగ్గర హెల్మెట్ తీస్తూ, నేను అడగకుండానే సంజాయిషీ చెప్పుకున్నాడు. "యాక్చువల్లీ నేను ఫాస్ట్‌గానే వచ్చాను మేడమ్. ఫ్లైఓవర్ దిగుతుంటే సడన్‌గా బండి ఆగిపోయింది." ఓటీపీ చెప్పాను, అట్టపెట్టె అందుకున్నాను, అతను వెళ్లిపోయాడు. ఆ మాటలు మాత్రం నన్ను వదల్లేదు. మేడమ్, ఫ్లైఓవర్ కాక, ఒక్క గుక్కలో మూడు ఇంగ్లీషు మాటలు వాడాడు. మొదటిది చివరనున్న 'లీ'తో సహా చెక్కుచెదరకుండా తెలుగులోకి వచ్చేసింది. మూడోది ఇంగ్లీషులో 'సడన్లీ' కావాలి. దాని 'లీ' ఊడిపోయి ఆ చోట మన 'గా' వచ్చి కూర్చుంది. 'సడన్లీ బండి ఆగిపోయింది' అని అతను ఎందుకనలేదు? సడన్‌ను విడదీసిన నాలుక యాక్చువల్లీ జోలికి ఎందుకు పోలేదు?

అప్పట్నుంచీ బస్సులో, స్టాఫ్ రూములో, పెళ్లి భోజనాల దగ్గర ఇదే వింటున్నాను. స్లోగా వెళ్లు, నీట్‌గా సర్దు, క్లియర్‌గా చెప్పు, సైలెంట్‌గా కూర్చో, స్ట్రిక్ట్‌గా ఉండాలి. ఏ తల్లీ పిల్లవాణ్ణి 'నీట్లీ సర్దు' అనదు. ఫోన్‌లో ఎవరూ 'క్లియర్లీ వినపడటం లేదు' అనరు. అదే జనం నోట బేసికల్లీ, ఫైనల్లీ, హోప్‌ఫుల్లీ, అన్‌ఫార్చునేట్లీ మాత్రం ఏ మార్పూ లేకుండా దొర్లిపోతున్నాయి. ఇంకా వింతేమిటంటే ఒకే మాట రెండు వేషాల్లోనూ కనపడుతుంది. 'వాడు సీరియస్‌గా చదువుతున్నాడు' అంటారు. ఆ కబురు విన్నవాళ్లు కళ్లు పెద్దవి చేసి 'సీరియస్లీ?' అంటారు. ఈ రెంటినీ తారుమారు చేసి చూడండి. 'వాడు సీరియస్లీ చదువుతున్నాడు' అంటే చెవికి ఎబ్బెట్టు. నేను పట్టుకున్నది నిజంగా సూత్రమేనా, లేక నాకు నచ్చిన ఉదాహరణలనే ఏరుకుంటున్నానా? జనరల్‌గా, నార్మల్‌గా అంటున్నారు కదా. యాక్చువల్‌గా అన్నవాళ్లనూ విన్నాను. అంటే 'గా' అన్నిచోట్లకూ పోగలదు. 'లీ'కే ఆ స్వేచ్ఛ లేదు. పని జరిగిన తీరు చెప్పేచోట తెలుగువాడు దాన్ని దాదాపుగా రానివ్వడు.

'లీ' నిలిచే చోటుకూ నిలవని చోటుకూ తేడా ఏమిటి? ఫాస్ట్‌గా, సడన్‌గా అన్నవి ఆ ఫ్లైఓవర్ మీద జరిగిన సంగతులు. బండి వేగం, బండి ఆగిన తీరు. రోడ్డు పక్కన ఉన్న కెమెరాకు కూడా అవి దొరుకుతాయి. 'యాక్చువల్లీ' మాత్రం ఏ కెమెరాకూ దొరకదు. అది రోడ్డు మీద లేదు, అతనికీ నాకూ మధ్య గేటు దగ్గర ఉంది. నేను మనసులో విసుక్కుంటున్నానేమోనని అతనికొక అనుమానం. ఆ అనుమానానికి ముందుగానే ఇచ్చుకున్న జవాబు ఆ మాట. ఇంగ్లీషు వ్యాకరణ పండితులు ఈ తేడాను గుర్తించకపోలేదు. సిడ్నీ గ్రీన్‌బామ్ 1969లో యాడ్వర్బుల వాడకం మీద ఒక పుస్తకమే రాశాడు. ఆయన, ర్యాండాల్ఫ్ క్వర్క్, మరో ఇద్దరు కలిసి 1985లో తెచ్చిన బృహద్వ్యాకరణంలో వాక్యానికి లోపల ఉండి పనిచేసే వాటిని అడ్జంక్టులనీ, వాక్యానికి ఎడంగా నిలబడి దానిమీద మాట్లాడేవాడి అభిప్రాయం చెప్పేవాటిని డిస్‌జంక్టులనీ వేరు చేశారు. ఆ పుస్తకాల గాలి కూడా సోకని కుర్రాడు అదే తేడాను తన రెండు వాక్యాల్లో తేటగా పాటించాడు.

మేము క్లాసులో చెప్పే పాఠానికి ఈ తేడా ఇంకా చేరలేదు. నేను పాఠం చెప్పేది డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు. వాళ్లలో చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు. యాడ్వర్బ్ అంటే ఏమిటని అడగగానే జవాబు కంఠతా వస్తుంది. గుర్తుపట్టేదెలా అంటే అదీ కంఠతానే: చివర ఎల్‌వై ఉంటుంది మేడమ్. ఈ ఎల్‌వై చిట్కా ఎవరు కనిపెట్టారో గానీ, మార్కుల పరీక్షలో అది చాలాసార్లు గట్టెక్కిస్తుంది. అందుకే దాన్ని వదిలించడం కష్టం. యాడ్వర్బుల కింద గీత గీయమంటే 'ఫ్రెండ్లీ' కిందా గీస్తారు. అది స్నేహంగా ఉండే మనిషిని చెప్పే విశేషణం. లవ్లీ, లోన్లీ, అగ్లీ, సిల్లీ, అన్నీ అంతే, ఎల్‌వై ఉన్నా యాడ్వర్బులు కావు. 'డైలీ' ఒకచోట విశేషణం, మరోచోట యాడ్వర్బ్. ఇక 'ద ట్రెయిన్ కేమ్ లేట్' అనే వాక్యంలో గీత గీయడానికేమీ కనపడక పిల్లలు తలలెత్తి నా వైపు చూస్తారు. 'లేట్' అక్కడే ఉంది, ఎల్‌వై లేదు. పోనీ ఎల్‌వై తగిలిద్దామంటే 'లేట్లీ' అవుతుంది, దానికి ఈమధ్య అని అర్థం. రైలు ఆలస్యంగా వచ్చిందన్న మాట, ఈమధ్య వచ్చిందన్న మాటగా మారిపోతుంది. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది 'హార్డ్లీ'. కష్టపడి పనిచేశానని చెప్పుకోవాలనుకున్న పిల్ల, మంచి ఇంగ్లీషు రాయాలన్న తపనతో 'ఐ వర్క్డ్ హార్డ్లీ' అని రాస్తుంది. 'హార్డ్' అంటే కష్టపడి. 'హార్డ్లీ' అంటే దాదాపు ఏమీ లేదని. ఉద్యోగం కోసం పెట్టుకున్న అర్జీలో ఆ రెండక్షరాలు ఆమె చెప్పదలచుకున్న దానికి నేరుగా అడ్డం తిరుగుతాయి. చదువు మీద గౌరవంతో చేర్చిన అక్షరాలవి. వాటి మీద ఎర్ర ఇంకు పెట్టబోతుంటే నా చెయ్యి ఆగుతుంది.

ఇంత తికమక ఎలా వచ్చింది? వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో విశేషణానికి చివర చిన్న 'ఎ' చేరిస్తే యాడ్వర్బ్ అయ్యేది. మధ్యయుగాలు ముగిసేసరికి మాటల చివరి ఆ 'ఎ' ఉచ్చారణలో రాలిపోయింది. ఫాస్ట్, హార్డ్, లాంగ్ లాంటి మాటలు గుర్తు పోగొట్టుకుని, విశేషణానికీ యాడ్వర్బుకీ ఒకే రూపంతో మిగిలిపోయాయి. మిగతా మాటలకు ఎల్‌వై దన్నుగా నిలిచింది. అదేమీ కొత్తది కాదు. పాత ఇంగ్లీషులో శరీరం అనే అర్థమున్న ఒక మాటకు అది వారసురాలు. ఇంగ్లండులో పాత చర్చిల ఆవరణకు పైకప్పున్న గేటొకటి ఉంటుంది. సమాధి చేసేముందు శవాన్ని కాసేపు అక్కడ దించేవారు. దాన్ని 'లిచ్‌గేట్' అంటారు. ఆ 'లిచ్', ఈ 'లీ' ఒకే మూలంలోంచి వచ్చినవి. ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్ భాషల్లో యాడ్వర్బుల చివర వచ్చే 'మెంటే' కుటుంబం లాటిన్‌లో మనసు అనే మాట నుంచి పుట్టింది. నెమ్మదైన మనసుతో అన్నది కాలక్రమంలో నెమ్మదిగా అయింది. మన 'గా' మాత్రం 'అగు' అనే క్రియలోంచి వచ్చింది. ఒకరికి ఒళ్లు, ఒకరికి మనసు, మనకు అవడం. ఇది తెలిసినంత మాత్రాన పరీక్షలో ఎవరికీ ఒక మార్కు ఎక్కువ రాదు. అయినా పిల్లలకు చెబుతాను. ఎల్‌వై అనేది ఎవరో అధికారి వేసిన ముద్ర కాదనీ, తరాల నోళ్లలో అరిగి మిగిలిన మాటేననీ తెలిస్తే దానిమీద భయం తగ్గుతుంది.

ఎల్‌వై తోక లేనివన్నీ తప్పులన్న పట్టుదల తర్వాతెప్పుడో వచ్చింది. బిషప్ రాబర్ట్ లౌత్ 1762లో రాసిన చిన్న వ్యాకరణంలో విశేషణాన్ని యాడ్వర్బుగా వాడటం ఇంగ్లీషు తత్వానికే సరిపడదన్నాడు. తనకంటే ముందు తరంలోని పేరున్న రచయితల వాక్యాలనే తప్పులకు నమూనాలుగా చూపాడు. 1795లో లిండ్లీ మరే వ్యాకరణం వచ్చి, ఆ బాటలోని నియమాలను బడి పిల్లల దాకా చేర్చింది. ఆ నీడ ఎంత దూరం పడిందంటే, 1997లో ఆపిల్ కంపెనీ 'థింక్ డిఫరెంట్' అని ప్రకటన వేసినప్పుడు అది 'డిఫరెంట్లీ' కావాలి కదా అన్న ఆక్షేపణలు వచ్చాయి. నా విద్యార్థుల్లో ఒకడు ఆ రెండు మాటలు రాసి ఉన్న టీషర్టు వేసుకొచ్చి, ఇది తప్పా మేడమ్ అని అడిగాడు. 'ఫాస్ట్' తప్పు కానప్పుడు ఇది తప్పు కావడానికి కారణం వెతుక్కోవాలి. 'డిఫరెంట్' అంటే అక్కడ ఆలోచించే తీరు అనుకోవచ్చు, ఆలోచనలోకి రావలసిన విషయం అనీ అనుకోవచ్చు. రాసినవాళ్లు ఆ రెండో దారిని కావాలనే తెరిచి ఉంచారని నాకనిపిస్తుంది.

యాడ్వర్బులను గుర్తుపట్టలేకపోవడంలో పిల్లల తప్పుకంటే ఆ వర్గం తప్పే ఎక్కువేమో. రెన్ అండ్ మార్టిన్ తెరిచి చూస్తే ఒకే పేరు కింద ఏమేం కనపడతాయో చూడండి. నెమ్మదిగా, నిన్న, ఇక్కడ, చాలా, ఎప్పుడూ, బహుశా, అందుచేత, కాదు. వీటిలో ఏ రెంటికైనా పోలిక చెప్పమంటే నాకే మాట పెగలదు. నామవాచకం, క్రియ, విశేషణం, విభక్తులు అన్నీ ఎవరి గదుల్లోకి వాళ్లు సర్దుకున్నాక, ఎక్కడ పెట్టాలో తెలియని సామానంతా అటక మీదికి చేర్చినట్టు ఉంటుంది ఈ పట్టిక. ఈ మాట అనడానికి నేనేమీ సాహసించనక్కర్లేదు. క్రీస్తుకు పూర్వం గ్రీసు దేశపు స్టోయిక్ తాత్వికులు ఈ వర్గానికి 'అన్నిటినీ తనలో ఇముడ్చుకునేది' అనే అర్థం వచ్చే పేరు పెట్టారని లాటిన్ వ్యాకర్త ఒకాయన రాసి ఉంచాడు. రెండువేల ఏళ్లు దాటినా ఆ అటక దులిపినవాళ్లు తక్కువ. 2002లో రాడ్నీ హడిల్‌స్టన్, జెఫ్రీ పుల్లం కేంబ్రిడ్జ్ వ్యాకరణంలో ఆ పనికి పూనుకున్నారు. నిన్న, నేడు, రేపు అన్న మాటలను దించి సర్వనామాల్లో కలిపారు. ఇక్కడ, అక్కడ అన్నవాటిని తీసి ప్రిపొజిషన్లలో పెట్టారు. బడి పుస్తకాలు వాళ్ల మాట ఇంకా వినలేదు.

ఆ సర్దుబాటు ఇంగ్లీషువాళ్లకు వింతగా తోచి ఉండవచ్చు. తెలుగువాడికి అంత వింత కాదు. ఇక్కడికి, ఇక్కడి నుంచి, నిన్నటి పేపరు, రేపటికి అని మనం రోజూ అంటాం. నామవాచకానికి తగిలినట్టే వీటికీ విభక్తులు తగులుతాయి. 'నెమ్మదిగా'కు తగిలించి చూడండి. 'నెమ్మదిగాకి' అనేది లేనేలేదు. అంటే నిన్న, ఇక్కడ అన్నవి ఒక జాతి, నెమ్మదిగా అన్నది మరో జాతి అని మన భాషే తేల్చి చెబుతోంది. క్లాసులో ఈ ముక్క చెప్పిన రోజు వెనక బెంచీల నుంచి కూడా ఉదాహరణలు వచ్చాయి. ఎప్పటికి, ఎక్కడికి, పైకి, కిందికి. ఇంగ్లీషు వ్యాకరణం చెప్పేటప్పుడు తెలుగు మాట నోటికి రాకూడదన్న కట్టుబాటు మా తరం దాకా ఉండేది. దానివల్ల ఎంత పోగొట్టుకున్నామో ఆ రోజు నాకు తెలిసొచ్చింది.

యాడ్వర్బును గుర్తుపట్టడంలో సగం రూపమైతే మిగతా సగం చోటు. మిగతా మాటలన్నీ ఇంగ్లీషు వాక్యంలో ఎవరి వరసలో వాళ్లు కదలకుండా ఉంటాయి. యాడ్వర్బుకే కాలు నిలవదు. 'రవి టోల్డ్ మి ద ట్రూత్ యెస్టర్‌డే' అన్న వాక్యంలో 'ఓన్లీ'ని ఒక్కొక్క మాట ముందే పెట్టుకుంటూ పోతే ప్రతిసారీ సంగతి మారుతుంది. రవి ముందు పెడితే రవే చెప్పాడు, ఇంకెవరూ చెప్పలేదు. 'మి' ముందైతే నాకే చెప్పాడు. చివరి మాట ముందైతే నిన్ననే చెప్పాడు, ఇన్నాళ్లూ దాచాడు. తెలుగులో ఇదంతా ఒక్క 'ఏ' చూసుకుంటుంది. ఏ మాట మీద బరువు కావాలో ఆ మాటకు అది అంటుకుపోతుంది, ఇంకెక్కడికీ జారదు. ఆ అలవాటుతోనే 'ఐ యామ్ హియర్ ఓన్లీ' అంటాం. 'ఇక్కడే ఉన్నాను'లోని ఆ 'ఏ'ని ఎక్కడ పెట్టాలో తెలియక, తెలుగులో ఉన్నట్టే మాట చివర పెట్టుకున్నాం. ఆ వాక్యాన్ని చూసి నవ్వేవాళ్లంటే నాకు కష్టంగా ఉంటుంది. పరీక్షలో మార్కు పోతుందని పిల్లలకు చెప్పక తప్పదు, చెబుతాను. ఆ వాక్యం వెనక ఒక క్రమం ఉందనీ, అది తెలివితక్కువతనం కాదనీ కూడా చెబుతాను. ఊరికే కూర్చున్నాను అన్నదాన్ని 'సింప్లీ సిట్టింగ్' అనడంలోనూ అంతే. 'ఊరికే'కి సరిపోయే మాట ఇంగ్లీషులో ఎక్కడుంది గనక?

చోటు విలువ ఏపాటిదో చూపే ఉదంతం నాకు తెలిసినంతలో ఇంకొకటి లేదు. 2009 జనవరి 20న వాషింగ్టన్‌లో బరాక్ ఒబామా అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తున్నాడు. ప్రమాణం చేయిస్తున్నది ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్. చేతిలో కాగితం లేదు, జ్ఞాపకం మీదే చెబుతున్నాడు. ఆ ప్రమాణం ముప్పై అయిదు మాటలది, అక్షరం తేడా రాకుండా రాజ్యాంగంలోనే రాసి ఉంది. అందులో 'ఫెయిత్‌ఫుల్లీ' అన్న యాడ్వర్బ్ 'విల్'కీ 'ఎగ్జిక్యూట్'కీ నడుమ ఉంటుంది. రాబర్ట్స్ దాన్ని అక్కణ్ణుంచి ఎత్తి మాటల చివరికి చేర్చాడు. ఒబామాకు తేడా తెలిసింది. క్రియ దాకా పలికి ఆగిపోయాడు. రాబర్ట్స్ సర్దబోయాడు, రెండోసారీ సరిగ్గా కుదరలేదు. చివరికి ఒబామా ఆయన మొదట చెప్పిన వరసలోనే, విశ్వాసంగా అన్న మాటను చివర పెట్టి ముగించాడు. అర్థం మారిందా? ఏమీ మారలేదు. అయినా ఎవరూ వేలెత్తి చూపే వీలుండకూడదని మర్నాడు సాయంత్రం వైట్‌హౌస్‌లోని మ్యాప్ రూములో కొద్దిమంది మధ్య ప్రమాణాన్ని మళ్లీ చేయించారు. భాషాశాస్త్రవేత్త స్టీవెన్ పింకర్ వెంటనే న్యూయార్క్ టైమ్స్‌లో దీనిమీద ఒక వ్యాసం రాశాడు. సహాయక్రియకూ ప్రధానక్రియకూ మధ్య యాడ్వర్బ్ దూరకూడదన్న పాతకాలపు నియమం న్యాయమూర్తి మనసులో నాటుకుపోయి, ఆయనకు తెలియకుండానే ఆ మాటను పక్కకు నెట్టిందని ఆయన ఊహ. క్రియలను చీల్చకూడదన్న పట్టింపు పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో బాగా బలపడింది. 1864లో హెన్రీ ఆల్ఫర్డ్ అనే మతాచార్యుడు 'టు'కీ క్రియకీ మధ్య యాడ్వర్బ్ రావడాన్ని తప్పుపట్టాడు. పింకర్ ఊహ నిజమైతే, ఎప్పుడో పాతబడిన బడి నియమం ఒక దేశాధ్యక్షుడి చేత రెండుసార్లు ప్రమాణం చేయించిందన్నమాట. నాకైతే ఆ ఊహ నమ్మదగినదిగానే ఉంది. చిన్నప్పుడు పడిన వ్యాకరణం దెబ్బ ఎంత లోతుకు దిగుతుందో క్లాసులో చూస్తూనే ఉన్నాను.

అసలు యాడ్వర్బులే వద్దనేవాళ్లు ఉన్నారు. స్టీఫెన్ కింగ్ 2000లో రాసిన రచనాపాఠాల పుస్తకంలో వాటిని గట్టిగా తిట్టిపోశాడు. ఎల్మోర్ లెనర్డ్ తన పది నియమాల్లో ఒకటి దీనికే కేటాయించాడు: 'అన్నాడు' అన్న మాటకు యాడ్వర్బ్ తగిలించవద్దని. 2017లో బెన్ బ్లాట్ అనే ఆయన పేరున్న నవలలను కంప్యూటర్‌తో జల్లించి ఎవరెన్ని ఎల్‌వై మాటలు వాడారో లెక్కతీశాడు. హెమింగ్‌వే పొదుపరిగా తేలాడు. ఇంగ్లీషు గద్యానికి ఆ సలహా ఎందుకు నప్పుతుందో నాకు అర్థమవుతుంది. వాళ్ల క్రియల్లోనే తీరు ఇమిడి ఉంటుంది. చూడటానికి గ్లాన్స్, స్టేర్, పీప్, గ్లేర్. నడవడానికి స్ట్రోల్, ట్రడ్జ్, లింప్, స్ట్రైడ్. సరైన క్రియ దొరికితే యాడ్వర్బుతో పని ఉండదు. ఈమధ్య ఒక కథల వర్క్‌షాపులో ఈ సలహానే తెలుగు కథకులకు ఇస్తుంటే విన్నాను. 'గా' ఉన్న మాటలన్నీ కొట్టేయండి, కథ చిక్కబడుతుంది అన్నారు. కొత్తగా రాస్తున్న పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. నాకు కంగారు పుట్టింది. మన భాష చూపుకు కొత్త కొత్త క్రియలను పుట్టించదు, 'చూచు' ఒక్కదాన్నే ఉంచుకుని దానికి తీర్లు చేరుస్తుంది. ఓరగా చూసింది, తేరిపార చూసింది, కొరకొరా చూసింది, గుడ్లప్పగించి చూసింది. నడకా అంతే. చకచకా, గబగబా, ఈసురోమంటూ, తప్పటడుగులు వేస్తూ, కాలీడ్చుకుంటూ. వీటిని కొట్టేస్తే మిగిలేది 'చూసింది', 'నడిచాడు'. కథ చిక్కబడదు, చప్పబడుతుంది. ఇంగ్లీషు కథకుడికి అది అదనపు మాట కావచ్చు. తెలుగులో క్రియకు ప్రాణమే అక్కడుంది. వాళ్ల భాషలో పుట్టిన సలహాను తెచ్చి ఇక్కడ కత్తెర పట్టేముందు, చకచకాలు, కొరకొరాలు ఏ తరగతివో ఒక్కసారి చూడమని బతిమాలాలనిపించింది. టీ విరామంలో ఇద్దరు ముగ్గురితో ఆ మాటే అన్నాను.

ఇంగ్లీషులో మాట్లాడేవాడి మనసు చెప్పే యాడ్వర్బుల మీద కూడా ఇలాంటి పోరే నడిచింది. 'హోప్‌ఫుల్లీ' అంటే ఆశతో అనే అర్థం ఒక్కటే ఉండాలనీ, 'వాన పడుతుందని ఆశ' అన్న అర్థంలో వాక్యం మొదట పెట్టకూడదనీ దశాబ్దాలపాటు కొట్లాడారు. ఆశపడేది వాన కాదు కదా అన్నది వాళ్ల వాదన. 2012లో అసోసియేటెడ్ ప్రెస్ శైలి పుస్తకం ఆ వాడకాన్ని ఒప్పుకుంది. వాక్యంలో ఆశపడేవాడు కనపడకపోవచ్చు. చెబుతున్నవాడు ఉన్నాడు కదా! తెలుగులో ఈ తగాదా పుట్టే వీల్లేదు. నిజం చెప్పాలంటే, ఒకరకంగా చూస్తే, నన్నడిగితే అని మనం చెప్పేవాణ్ణి వాక్యంలోకి తీసుకొచ్చి నిలబెట్టేస్తాం. దానికీ తీరిక లేనప్పుడు ఒక్క మాట చాలు. 'పాపం, రాత్రంతా బస్టాండులోనే ఉన్నాడట.' ఆ 'పాపం' క్రియకు విశేషణం కాదు, వాడు పాపంగా ఉండలేదు. అది ఆ సంగతి చెబుతున్నవాడి గుండెలోది. 'అన్‌ఫార్చునేట్లీ' అంటే అందులో జాలి లేదు, ఆఫీసు ఉత్తరం వాసన వస్తుంది. ఇంగ్లీషులో 'పాపం'కి సాటి వెతకడం నేను మానేశాను. క్లాసులో మాత్రం యాడ్వర్బుల పాఠం ఇప్పుడు ఎల్‌వైతో మొదలుపెట్టడం లేదు, 'పాపం'తో మొదలుపెడుతున్నాను. అది ఎవరి గురించి చెబుతోంది, ఎవరి మనసును చెబుతోంది అని అడిగితే, గ్రామర్ అంటే జంకే పిల్ల కూడా చెప్పేస్తుంది.

ఆ తర్వాత బోర్డు మీద రెండు వాక్యాలు రాస్తాను. 'క్లియర్లీ, హి డిడ్ నాట్ స్పీక్.' 'హి డిడ్ నాట్ స్పీక్ క్లియర్లీ.' మొదటిదానికి అర్థం ఆయన మాట్లాడలేదని స్పష్టంగా తెలుస్తోందని. రెండోదానికి ఆయన మాట్లాడాడు, స్పష్టంగా మాట్లాడలేదని. రెండింటిలోనూ అవే మాటలు, అదే ఎల్‌వై. గీత గీయమంటే రెండుచోట్లా ఒకే గీత. కనక గీతలు గీయించడం మానేసి తెలుగులో చెప్పమంటున్నాను. మొన్న ఒక బ్యాచ్‌లో ఇది అయ్యాక కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి లేచి, 'క్లియర్లీ'ని నడుమ పెడితే ఏమవుతుంది మేడమ్ అంది. మీరే పెట్టి చూడండన్నాను. 'హి క్లియర్లీ డిడ్ నాట్ స్పీక్' అని ఒకరు, 'హి డిడ్ నాట్ క్లియర్లీ స్పీక్' అని ఒకరు రాశారు. కాసేపు గలాటా అయింది. చివరికి ఆ అమ్మాయే తేల్చింది. 'నాట్'కి ముందుంటే చెప్పేవాళ్ల మాట మేడమ్, 'నాట్' దాటి లోపలికెళితే మాట్లాడిన తీరు. వెంటనే 'హానెస్ట్లీ'తో, 'సీరియస్లీ'తో సరిచూశారు, నిలబడింది. 'ఫాస్ట్' 'నాట్'కి ముందుకు రాదనీ, 'ప్రాబబ్లీ' ఆ గీత దాటి లోపలికి పోదనీ వాళ్లే కనిపెట్టారు. ఒకబ్బాయి 'ఓన్లీ'ని పట్టుకున్నాడు, అది ఎటువైపైనా నిలబడుతోందని. వాడు రాసుకొచ్చిన వాక్యాలతో రేపు మళ్లీ కూర్చోవాలి.